మా పాప చర్మానికి నేనాడిన బేరం

భిలాయిలో బేరమాడేవాళ్లకు కొదవ లేదు గాని, డాక్టరు చెప్పిన వైద్యాన్ని సగానికి దించి ఇంటికి తెచ్చుకున్న మనిషిని మాత్రం నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆవిడ పాప ఒళ్లంతా దట్టంగా క్రీము రాయమంది. నేను పల్చగా రాయడానికి కుదుర్చుకున్నాను. రోజుకు నాలుగుసార్లంది. రెండుకు ఖాయం చేశాను. పెద్ద డబ్బా రాసిచ్చింది, చిన్నది కొన్నాను. ఎర్రమచ్చల మీద రాయడానికి ఇచ్చిన మందు చర్మం నున్నబడేదాకా ఆపొద్దంది. ఎరుపు కాస్త తగ్గగానే మూత బిగించేశాను. ఇంత పెద్ద బేరం జరిగినట్టు ఆవిడకు తెలియనే తెలియదు. ఎదుటి మనిషికి తెలియకుండా బేరం ముగించడం అందరికీ వచ్చే విద్య కాదు.

ఆ విద్య నాకు ఎలా అబ్బిందో చెప్పాలి. ఇక్కడ ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో మా తాత విజయనగరం వైపు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చాడు. ఇటుకలు మోయడంకన్నా మోసేవాళ్లకు బెల్లమూ బీడీలూ అమ్మడంలో నడుంనొప్పి తక్కువని తొందరగానే కనిపెట్టాడు. క్యాంప్ 1 అనే పేటలో ఆయన పెట్టిన కిరాణా కొట్టులోనే ఇప్పుడు మా నాన్న కూర్చుంటాడు. ఒకవైపు బట్టల కొట్టు, ఇంకోవైపు గిన్నెల కొట్టు. నేను ఆ మూడు కొట్ల మధ్య పెరిగాను. మాటలు వచ్చేసరికే నాకు ఒక సంగతి తెలిసిపోయింది. ఎవరైనా మొదట చెప్పే అంకె అసలు అంకె కాదు. అది మాట కలపడానికి చెప్పేది. దాన్ని సగం చేసి మన మాట మొదలుపెట్టాలి.

ఈ లెక్కను నేను సరుకుల దగ్గరే ఆపలేదు. స్కూల్లో టీచరు పది లెక్కలిస్తే అయిదు చేసి, ఇంకెన్ని చెయ్యమంటారో చూద్దామని కూర్చునేదాన్ని. పెళ్లిచూపులప్పుడు వాళ్లవైపు వాళ్లు అబ్బాయి ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలన్నారు. నేను మనసులోనే రెండంగుళాలు కోసేశాను. పెళ్లయ్యాక గోడకు నిలబెట్టి కొలిస్తే నా లెక్కే నిజమైంది. ఆయన ప్లాంటులో ఫిట్టరు. పని మీద ఎంత మాట్లాడతారో ఏమో గాని ఇంట్లో ఒక్క మాటతో సరిపెడతారు. మేముండేది మరోదా అనే కాలనీలో, ప్లాంటు క్వార్టర్‌లో.

మా పాప వానాకాలంలో పుట్టింది. అప్పుడు దాని ఒళ్లు అప్పుడే దింపిన ఇడ్లీలా ఉండేది. పురిటికి సాయంగా మా అత్త శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. దుర్గ్ స్టేషన్లో రైలు దిగేటప్పుడు ఆమె ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో రేకు డబ్బా పట్టుకుని దిగింది. సంచీని కొడుక్కి ఇచ్చింది గాని డబ్బాను ఇవ్వలేదు. దాని నిండా సున్నిపిండి. పెసలూ సెనగలూ వేయించి, ఎండబెట్టిన గులాబీ రేకులు కలిపి, తనే దగ్గరుండి మర పట్టించిన పిండి.

మా అత్తది సముద్రానికి దగ్గరున్న ఊరు. అక్కడ పొద్దున్న ఆరేసిన చీర సాయంత్రానికీ తడితడిగానే ఉంటుంది. ఆ గాలిలో పిల్లకు నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, సలసలా కాగిన నీళ్లు పోసినా ఏమీ కాదు కాబోలు. ఇక్కడ చలికాలం అలా కాదు. కార్తీకం దాటితే గాలిలో చెమ్మనేది ఉండదు. పెదవులు పగులుతాయి, మడమలు పగులుతాయి, చేతి మీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడుతుంది. ఆ గాలిలో మా అత్త రోజూ పిల్లను కాళ్ల మీద వేసుకుని రుద్దేది. నేను పక్కన నిలబడి చెంబులు అందించేదాన్ని.

ముందు బుగ్గలు ఎర్రబడ్డాయి. ముద్దొస్తోందనుకున్నాం. తర్వాత మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం గరుకెక్కి, చెయ్యి పెడితే గోధుమరవ్వ తగిలినట్టు ఉండేది. ఆ తర్వాత గోకుడు మొదలైంది. పాపకు పట్టు చిక్కినప్పుడల్లా బుగ్గ గీరుకునేది, చెవి వెనక గీరుకునేది. ఎత్తుకుంటే మొహాన్ని నా భుజానికేసి అటూ ఇటూ రుద్దేది. గోళ్లు ఎంత తీసినా ఎర్రటి గీతలు పడేవి. చివరికి మా ఆయన ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ చిన్న సాక్సుల జతలు కొనుక్కొచ్చి పాప చేతులకు తొడిగారు. "ఇవి కాళ్లకి కదా" అన్నాను. "చేతులకే" అన్నారు. అవి ఊడిపోకుండా మా అత్త పైన రిబ్బను కట్టింది.

ఆ సాక్సులు చూసి మా నాన్న మొహం వాడిపోయింది. మాఘంలో పాపకు ఏడో నెల, అన్నప్రాశన. మా వైపు ఆ రోజున పిల్ల ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పువ్వులు పెట్టి, ఏది ముట్టుకుంటుందో చూస్తారు. మా నాన్నకు నేనొక్కదాన్నే కూతుర్ని. మనవరాలు ఏది పట్టుకుంటుందోనని పాప పుట్టిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాడు.

"సేతులకి సాక్సులేసుకుని పిల్ల ఏటి పట్టుకుంటాదమ్మా?" అన్నాడు.

పాప ఆ రెండు గుడ్డ ముద్దలను మొహం ముందు పెట్టుకుని, ఇవెవరివన్నట్టు చూసుకునేది. గిలక్కాయ ఇస్తే జారిపోయేది. నా ముక్కు పట్టుకోబోతే మెత్తగా తగిలి వెనక్కి పోయేది. పట్టుకోవడం నేర్చుకునే వయసులో దాని చేతులు మేమే మూటకట్టేశాం. అన్నప్రాశనకు ఆ మూటలు విప్పాలి. నాకు కావలసింది అంతే.

ఆ గోకుడికి కారణం నేనేనని మా అత్త తేల్చేసింది. "నువ్వు వంకాయ తిన్నావు. పాలల్లోంచి పిల్లకి దిగిపోనాది" అంది. వంకాయ ఆగిపోయింది. తర్వాత గుడ్డు ఆగింది, వేరుశెనగలు ఆగాయి, నాకు ప్రాణమైన ఎండుచేపలు, నెత్తళ్లు కూడా ఆగాయి. చారన్నం తింటూ నేను బక్కచిక్కుతున్నాను. పాప మాత్రం మునుపటికన్నా ఎక్కువ గోక్కుంటోంది.

అప్పుడు పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆవిడ హిందీ ఆవిడ. మా మాటలన్నీ హిందీలోనే నడిచాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆవిడ పాప బట్టలు విప్పి ఒళ్లంతా నిదానంగా చూసింది.

"ఇది ఎగ్జిమా. చాలామంది పిల్లలకు వస్తుంది. మీ తప్పు కాదు, పాలదీ కాదు. ఈ పిల్ల చర్మం తడిని నిలబెట్టుకోలేదు. ఆ తడిని మనం బయటినుంచి పట్టి ఉంచాలి" అంది.

తర్వాత ఏమేం చెయ్యాలో చెప్పింది. గోరువెచ్చటి నీళ్లే పొయ్యాలి, స్నానం తొందరగా ముగించాలి. సున్నిపిండి వద్దు, ఆవనూనె వద్దు, వాసన సబ్బులు వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. చర్మం ఇంకా తడిగా ఉండగానే వాసన లేని క్రీము దట్టంగా రాయాలి. ఎర్రటి చోట్ల మాత్రం ఒక చిన్న ట్యూబు మందు పల్చగా రాయాలి. ఒంటికి తగిలే బట్ట నూలుదే ఉండాలి.

ఆవిడ చెబుతుంటే నా బుర్రలో పెన్సిలు తిరుగుతోంది. నాలుగంటోంది, రెండు. దట్టంగా అంటోంది, మామూలుగా. సున్నిపిండి అసలే వద్దంటోంది, అంటే ఆదివారాలకు పరవాలేదు. ఇంటికొచ్చేలోపు మొత్తం వైద్యాన్ని ఆటోలోనే బేరమాడేశాను. మందుల షాపు అతను పెద్ద డబ్బా తీయబోతే ఆపి చిన్నది అడిగాను. ధర తగ్గించమంటే డబ్బా మీదున్న ధర చూపించాడు. అక్కడ ఓడిపోయిన కసికి వాడకంలో ఇంకాస్త పొదుపు చేద్దామనుకున్నాను.

క్రీము రాసేటప్పుడు శెనగగింజంత తీసి, చేతికింత, కాలికింత పంచేదాన్ని. అది బుగ్గల మీద పెట్టగానే ఇంకిపోయేది. ఇంకిపోతే బాగా పనిచేస్తోందని మురిసిపోయేదాన్ని. ఇక ట్యూబు మందంటే నాకు భయం. చంటిపిల్లకు మందులెందుకని వీధిలో అందరూ అన్నవాళ్లే. రెండు రోజులు రాసేసరికి ఎరుపు తగ్గింది. చాలు, ఇంతకే ఇచ్చెయ్యమని మందును దాచేశాను. సాక్సులు తీశాం. పాప ఆ పూట తన వేళ్లను చూసుకుని ఎంత నవ్విందంటే మా అత్త దిష్టి తీసింది.

వారం తిరక్కుండానే ఎరుపు మళ్లీ వచ్చింది. సాక్సులు మళ్లీ ఎక్కాయి. మందు మళ్లీ రాశాను, మళ్లీ ముందే ఆపాను. అది మళ్లీ వచ్చింది. మధ్యలో ఆదివారం సున్నిపిండి బేరం ఒకటి. ఆదివారం పాప అరుపులకు పక్క క్వార్టర్ దీదీ గోడ మీంచి తొంగి చూసేది.

"ఏటి సేస్తన్నారు పిల్లని?" అని మా నాన్న ఫోన్లో అడిగాడు. నేను డబ్బా ఇంకా ముప్పాతిక మిగిలే ఉందని గొప్పగా చెప్పాను.

మాఘం దగ్గరికొస్తోంది. మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఈసారి మా అత్త కూడా వచ్చింది, వంకాయ సంగతి డాక్టరు నోటే అనిపించాలని. ఆవిడ పాపను చూసి, "నేనిచ్చిన క్రీము తెచ్చారా?" అంది.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు సంచీలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ మూత తీసి చూసింది. తెల్లటి క్రీములో ఒక మూల నా చూపుడువేలు చేసిన చిన్న గుంట ఉంది.

"ఇది కొత్త డబ్బానా?"

"కాదండీ. మొదటినుంచీ ఇదే."

"ఇంతకీ రాస్తున్నది పిల్లకా, పిల్ల ఆడుకునే బొమ్మకా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. రెండుసార్లు, శెనగగింజంత, మందు ముందే ఆపడం, ఆదివారాలు, అన్నీ చెప్పేశాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. పెన్ను కింద పెట్టి, "మీ పుట్టింటివాళ్లు ఏం చేస్తారు?" అంది.

"క్యాంప్‌లో కిరాణా కొట్టండీ."

"అదీ సంగతి. ముందే తెలిస్తే అన్నీ రెండింతలు చెప్పేదాన్ని."

"అలా చెప్పుంటే ఇప్పటికి తగ్గిపోయేదండీ" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. పాప కూడా ఆవిణ్ణి చూసి నవ్వింది. మా అత్తకు హిందీ అంతగా రాకపోయినా, కోడలికి గడ్డి పెడుతున్నారని అర్థమై మొహం వెలిగిపోయింది.

తర్వాత డాక్టరు నా చేతిలో ఆ డబ్బాను పెట్టి, పాప కాలు చూపించి, రాయమంది. నా అలవాటు ప్రకారం రాశాను. "ఇప్పుడు చూడండి" అని ఆవిడ మూడు వేళ్లతో తవ్వి తీసి, మా ఎదురుగా ఆ చిన్న కాలికి పట్టించింది. "పరాఠాకి నెయ్యి ఎలా రాస్తారు? అలా. రాశాక కాసేపటిదాకా కాలు మెరుస్తూ ఉండాలి." ఒక్క కాలికే నా రెండు రోజుల క్రీము అయిపోయింది. నేను వెంటనే డబ్బాలో ఎంత మిగిలిందో తొంగి చూశాను.

"రెండు వస్తువుల్ని మీరు ఒకే తక్కెడలో వేశారు" అందావిడ. "క్రీము ఎంత రాసినా తప్పులేదు, తక్కువైతేనే తప్పు. మందు అలా కాదు. పల్చగా, ఎర్రటిచోట మాత్రమే, నేను చెప్పినన్ని రోజులు. మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు. పైకి ఎరుపు తగ్గినా లోపల వాపు ఉంటుంది. చెయ్యి పెడితే నున్నగా తగలాలి. మచ్చల్లోంచి పసుపుగా నీరు కారినా, జ్వరం వచ్చినా ఆలోచించకుండా పట్టుకొచ్చెయ్యండి. ఇంకో మాట. ఇది పూర్తిగా పోయే రకం కాదు. చలికాలంలో వస్తూ పోతూ ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. వచ్చినప్పుడల్లా బెంబేలు పడకండి."

"ఇంత వాడితే ఈ డబ్బా ఎన్నిరోజులొస్తుందండీ?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"వారానికొకటి అవ్వొచ్చు. ఖరీదైనదే వాడాలని ఎక్కడా లేదు. వాసనా రంగూ లేని మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ చాలు. చవక."

"ఆ ముక్క మొదటే చెప్పొచ్చు కదండీ."

"మీరు అడగలేదు. అడగాల్సిన చోట బేరమాడలేదు, అక్కర్లేని చోట ఆడారు."

వెళ్లబోతుంటే మా అత్త ఆగి, తనకొచ్చిన హిందీలో వంకాయ గురించి అడిగింది. డాక్టరు నా వైపు చూసి, "ఈవిడ అన్నీ తినాలి. ఏదైనా తిన్న ప్రతిసారీ పిల్లకు తేడా చేస్తే అప్పుడు నాకు చెప్పండి, చూద్దాం. ఊరికే మాన్పించొద్దు" అంది. నేను ఆ మాటను మా అత్తకు తెలుగులో చెప్పాను. డాక్టరు ఒక్కసారి చెప్పింది గాని నేను రెండుసార్లు చెప్పాను.

తిరిగొస్తూ క్యాంప్‌లో నాన్న కొట్టు దగ్గర ఆటో ఆపించాను. చలికాలంలో ఆ కొట్లో బియ్యం తర్వాత ఎక్కువగా కదిలే సరుకు తెల్ల జెల్లీయే. మా నాన్న రెండు రకాలు తీసి మూతలు విప్పి వాసన చూశాడు. గులాబీ వాసనది పక్కన పెట్టేసి, ఏ వాసనా లేనిది నా ముందు పెట్టాడు. జరిగిందంతా మా అత్త అప్పటికే చెప్పేసింది.

"ఏటమ్మా, డాక్టరు మాటకి సగం రేటు కట్టినావా?" అన్నాడు.

"నీ దగ్గర నేర్చుకున్నదే కదా నాన్నా."

"నేర్సుకోడంలో కూడా సగమే నేర్సుకున్నావు. నాను ఎవులితో బేరమాడతాను? ఎక్కువ సెప్తే ఆడికి మిగులుతాదనుకో, ఆడితో ఆడతాను. పిల్లకి నువ్వు రెండుసార్లు ఎక్కువ రాస్తే ఆ డాక్టరమ్మకి ఏటొస్తాది?"

"ఏమీ రాదు."

"ఏటీ రాని మనిషి సెప్పింది ఫిక్స్ రేటు. దాని మీద నోరెత్తకూడదు. నా కొట్లో ఉప్పు ఫిక్స్ రేటు కాదా?"

నేను తలూపాను. అప్పుడైనా కూతురికని ఒక రూపాయి తగ్గిస్తాడేమోనని చూశాను. మా అత్త ఎదురుగా ఉండటం వల్లనో ఏమో పూర్తి ధర తీసుకున్నాడు. "ఇది కూడా ఫిక్స్ రేటే" అన్నాడు. పాప తలకి మాత్రం కుచ్చులున్న నూలు టోపీ ఒకటి పక్క కొట్లోంచి తెప్పించి పెట్టాడు.

ఇంటికొచ్చాక అసలు బేరం మిగిలింది. సున్నిపిండి పూర్తిగా మానాలి, ఆదివారాలు కూడా. ఆ మాట చెప్పగానే మా అత్త గోడవైపు తిరిగి కూర్చుంది.

"నా సేతుల మీద నలుగురు పెరిగినారు. ఒక్కడికి సరమం వూడిపోనేదు."

"మీ ఊళ్లో గాలి వేరు అత్తా."

"గాలి మీద తోసెయ్ అయితే."

నాకు అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. జెల్లీ చవకే అయినా నా చెయ్యి దట్టంగా రాయలేకపోతోంది. మూడు వేళ్లతో తీయబోతాను, డబ్బా అంచు దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్లు వాటంతటవే ముడుచుకుపోతాయి. మూడు కొట్ల మధ్య పెరిగిన వేళ్లు అవి.

మా అత్త చెయ్యి అలా కాదు. ఆమె పెట్టిన ఆవకాయలో ముక్క కనబడాలంటే నూనెను పక్కకు తోయాలి. పులిహోరకు ఆమె పోపు పెడితే గిన్నె అడుగు మెరుస్తుంది. ఆ నూనె చూసినప్పుడల్లా నేను లోలోపల ఏడ్చేదాన్ని. మర్నాడు పాపకు స్నానం చేయిస్తూ, నా చేతనే కావట్లేదన్నట్టు డబ్బాను ఆమె ముందుకు జరిపాను.

"ఈ పని నాకు రాదత్తా. నా చెయ్యి పిసినారిది. మీరే రాయండి."

ఆమె నాలుగు వేళ్లూ కలిపి ముంచింది. "తొలిగో. ఇలాగ రాయాల" అని, ఇంకా నీళ్లు ఆరని పాప వీపు మీద ఒక్క పట్టు పట్టించింది. చేతులూ, కాళ్లూ, మోకాళ్ల వెనకా, చెవుల వెనకా. అంతా అయ్యాక ఇంకొంచెం తీసి బుగ్గల మీద పెట్టింది. "ఇది కొసరు" అంది.

ఆ రోజునుంచీ మా ఇంట్లో స్నానం ఒక షిఫ్ట్ లెక్కన నడిచింది. నేను మోచెయ్యి ముంచి నీళ్ల వేడి చూసి గబగబా స్నానం చేయిస్తాను. మా ఆయన తువ్వాలు పరిచి నిలబడి, పిల్లను అందుకుని అద్దుతారు. అద్దీ అద్దకముందే మా అత్త డబ్బాతో సిద్ధం. పాప ఆ జిడ్డుతో కొర్రమీనులా జారిపోయేది. పట్టుకోబోతే కిలకిలా నవ్వి ఇంకా జారేది. ఎత్తుకున్న వాళ్ల చొక్కాలన్నీ జిడ్డు మరకలే. ఒకరోజు మా ఆయన డ్యూటీకి వెళ్తూ భుజం మీద చిన్న అరచేతి గుర్తుతోనే వెళ్లిపోయారు. ఎవరో అడిగితే "ఇంటిది" అన్నారట.

సున్నిపిండి డబ్బా మాత్రం ఖాళీగా కూర్చోలేదు. మా అత్త ఆదివారం కొడుకుని బాత్రూములో నిలబెట్టి రుద్దింది. "ప్లాంటు మసి వొదల్నేదు నీ మెడకి" అంటుంటే ఆయన లోపల్నుంచి "అమ్మా, చర్మం" అంటున్నారు.

మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ రాశాం. నాలోని కొట్టు మనిషి రోజూ చాలు చాలంటూనే ఉంది. నోరు మూయించాను. మచ్చలు తగ్గాక కూడా చెయ్యి పెట్టి చూసి, గరుకు పోయాకే మూత పెట్టాను. మా అత్త ఒక మధ్యాహ్నం నా కంచంలో వంకాయ కూర వడ్డించి, పాపను ఎదురుగా పడుకోబెట్టుకుని, నేను తినే ప్రతి ముద్దకూ పిల్ల బుగ్గలకేసి చూసింది. బుగ్గలు అలాగే ఉన్నాయి. మర్నాడూ అలాగే ఉన్నాయి. ఆ తర్వాతి రోజు వంటింట్లోంచి ఎండు నెత్తళ్లు వేగుతున్న వాసన వచ్చింది. రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను.

అన్నప్రాశన ఇక దగ్గరికొచ్చిందనగా మోకాళ్ల వెనక మళ్లీ ఎరుపు కనిపించింది. నా చెయ్యి సాక్సుల కోసం అల్మారాలోకి వెళ్లింది. మా అత్త ఆపింది.

"వొస్తాది, పోతాది అనే కదా ఆయమ్మ సెప్పింది. మందెయ్యి ముందు."

డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, ఆవిడ చెప్పినట్టే చేశాం. సాక్సులు తొడగలేదు. పాప చెయ్యి మోకాలి వెనక్కి పోయినప్పుడల్లా ఎవరో ఒకరం గిలక్కాయ ఇచ్చేవాళ్లం. అది గిలక్కాయను గట్టిగా పట్టుకునేది. ఆ పట్టు చూసి మా నాన్న వీడియో కాల్లోనే మురిసిపోయాడు.

ఆ రోజు మా క్వార్టర్ హాల్లో చాప పరిచి, అరిటాకు వేసి, పాయసం వడ్డించాం. మా ఆయన ఒళ్లో పాప కూర్చుంది, నూలు గౌను, కొబ్బరి బర్ఫీలా తెల్లటి మెత్తటి చేతులు, రెండూ ఖాళీగా. ముందు పుస్తకం, పెన్ను, నా ఉంగరం, చామంతులు. ఎవరూ చూడకుండా మా నాన్న వాటి పక్కన కొట్టులోని ఇత్తడి తూకపు రాయి ఒకటి జరిపాడు. అది చూసి మా ఆయన జేబులోంచి చిన్న స్పానరు తీసి దాని పక్కన పెట్టారు. "ఇదేటి బాబూ" అన్నాడు నాన్న. "ఊరికే" అన్నారాయన.

పాప అన్నిటినీ చూసింది. అది ముందుకు వంగి, పుస్తకాన్నీ బంగారాన్నీ దాటి, అరిటాకు అంచును రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని పర్రున చించింది. పాయసం చాప మీదికి జారింది. పాప చేతిలో మిగిలిన ఆకు ముక్కను పైకెత్తి అందరికీ చూపించింది.

"ఆకు సించిందేటి. ఏటవుతాదిది?" అంది మా అత్త.

"దుర్గ్ కోర్టులో వకీలవుతాది. అవతలోళ్ల కాయితాలు సించడానికి" అన్నాడు నాన్న.

"టికెట్ కలెక్టరు" అన్నారు మా ఆయన. ఆయన ఒకేరోజు రెండో మాట మాట్లాడినందుకు అందరం అటు తిరిగాం.

ఆ సందులో పాప చెయ్యి బుగ్గ మీదికి పోయింది. నవ్వుతున్నవాళ్లందరం ఒక్కసారి ఆగాం. అది గోక్కోలేదు. వేళ్లకంటిన పాయసాన్ని బుగ్గకు దట్టంగా పూసుకుని, మిగిలింది నోట్లో పెట్టుకుంది.

ఇక బిల్లు. లోపలికి వచ్చింది, బయటికి పోయింది, ఏదీ దాచకుండా వేసుకుంటున్నాను. డాక్టరు ఫీజు రెండుసార్లు. నేను మధ్యలో ఆపకుండా వాడి ఉంటే మొదటి ట్యూబుతోనే సరిపోయేది, కాబట్టి రెండో ట్యూబు నా ఖాతాలో. ఆటో ఖర్చులు. జిడ్డు పట్టి పనికిరాకుండా పోయిన దిండు గలీబులు, మా ఆయన చొక్కాలు. తెల్ల జెల్లీ డబ్బాలు, నాన్న కొట్లో పూర్తి ధరకు, చలికాలం పోయేదాకా వారం వారం. వంకాయ లేని రోజులకు డబ్బు ఖర్చు కాలేదు గాని వాటినీ వేసుకున్నాను. జమ వైపు, సగం సగం రాసి నేను ఆదా చేసింది, ఆ చిన్న డబ్బాలో ముప్పాతిక భాగం క్రీము. దానికోసం నా కూతురు తన వేళ్లు తనకు కనబడకుండా చలికాలంలో సగం గడిపింది. ఎటు తిప్పి కూడినా నష్టమే వస్తోంది. దాన్ని ఎవరి మీదకూ మళ్లించకుండా నా పేరుమీదే వేసుకుని, కింద గీత గీశాను.